వింబుల్డన్ వాకిట క్యూ

క్యూలో ఎలా నిలబడాలో చెప్పడానికి చిన్న పుస్తకం అచ్చువేసి పంచే ఆటల పోటీ గురించి విన్నారా? లండన్ నైరుతి భాగంలోని వింబుల్డన్‌లో ఏటా జూన్ నెలాఖరునో జూలై మొదట్లోనో మొదలై రెండు వారాలు సాగే టెన్నిస్ పోటీకి ఆ ఘనత ఉంది. ఇద్దరికి సరిపోయే గుడారం కంటే పెద్దది తేకూడదు. పొయ్యి రాజేయకూడదు. ఒకరి కోసం ఇంకొకరు చోటు పట్టకూడదు. కాలకృత్యాలకో కాఫీకో వెళ్లినా అరగంటలో తిరిగొచ్చి చేరాలి. రాత్రి పదయ్యాక పాటలూ బంతాటలూ బంద్. బస్సు కిటికీలోంచి తువ్వాలు పడేసి సీటు ఖాయం చేసుకునే మన విద్య అక్కడ చెల్లదన్నమాట.

ఎంత పెద్ద పోటీకైనా టిక్కెట్లు ఆన్‌లైన్లో పెడితే నిమిషాల్లో అయిపోయే రోజులివి. మరి ఇంత డబ్బూ ఇంత పేరూ ఉన్న క్లబ్బు జనాన్ని రాత్రంతా పచ్చిక మీద ఎందుకు పడుకోబెడుతోంది? ఇంగ్లీషువాళ్లకు వరుస కట్టడమంటే సరదా అనే మాట ఒకటి లోకంలో ఉంది. దాన్ని నమ్ముకుంటే ఈ కథ సగం కూడా అర్థం కాదు. ఈ క్యూ ఎవరి సరదా వల్లా పుట్టలేదు. కుర్చీలు తక్కువై, వచ్చేవాళ్లు ఎక్కువై పుట్టింది. టిక్కెట్లు అమ్ముకునే వేరే దారులు చేతిలో ఉన్నా, క్లబ్బు పెద్దలు దీన్ని మూసేయలేదు కాబట్టి బతికింది.

అసలు మొదట్లో క్యూ కట్టేంత జనమే లేరు. 1868లో పుట్టిన ఆ క్లబ్బు టెన్నిస్‌ది కాదు, క్రోకేది. పచ్చిక మీద చెక్క సుత్తితో బంతిని కొట్టి, నేలలో గుచ్చిన కమ్మీల కిందుగా దొర్లించే ఆట అది. వర్పుల్ రోడ్డు పక్కన నాలుగెకరాల నేల అద్దెకు తీసుకుని ఆడుకునేవారు. 1875లో అప్పుడే పుట్టిన లాన్ టెన్నిస్‌కు అందులో కాస్త జాగా ఇచ్చారు. రెండేళ్లు తిరిగేసరికి ఆ కొత్త ఆట పాత ఆటను పక్కకు నెట్టేసి క్లబ్బు పేరులోకి కూడా ఎక్కింది.

1877లో తొలి పోటీ పెట్టడానికి కారణం కీర్తికాంక్ష కూడా కాదు. పచ్చికను చదును చేసే రోలర్ ఒకటి ఉండేది, పొట్టిగుర్రం లాగేది. అది పాడైంది. బాగుచేయించడానికి డబ్బు కావలసి వచ్చింది. ‘ది ఫీల్డ్’ పత్రికలో జూన్ 9న ప్రకటన వేస్తే 22 మంది మగవాళ్లు పేర్లిచ్చారు. ఈటన్, హారో బడుల మధ్య క్రికెట్ మ్యాచ్ ఉంది కదా అని పోటీని మధ్యలో ఆపుకున్నారు. ఆ తర్వాత వాన అడ్డుపడింది. చివరికి జూలై 19న ఫైనల్ జరిగితే తలా ఒక షిల్లింగ్ ఇచ్చి చూసినవాళ్లు 200 మంది. స్పెన్సర్ గోర్ 48 నిమిషాల్లో గెలిచేశాడు. గెలిచిన ఆయనకే ఆ ఆట మీద పెద్ద గురి లేదు, వేరే ఆటలు బాగా ఆడేవాళ్లకు ఇది ఆనదన్నాడు.

1880లలో రెన్‌షా కవలలు విలియం, ఎర్నెస్ట్ వచ్చాక జనం పెరిగారు. విలియం ఒక్కడే ఏడుసార్లు సింగిల్స్ గెలిచాడు. వాళ్ల తరం దాటగానే మళ్లీ చప్పబడింది. 1895లో క్లబ్బుకు 33 పౌండ్ల నష్టం వచ్చింది. ఈనాటి వింబుల్డన్ సంపదను చూసేవాళ్లు ఆ 33 పౌండ్లను ఓసారి తలుచుకోవాలి. డొహర్టీ సోదరులు వచ్చి మళ్లీ నిలబెట్టారు గానీ వాళ్ల కాలానికి కూడా గేటు బయట జనం బారులు తీరి ఊరు మాట్లాడుకునే దృశ్యం లేదు.

ఆ దృశ్యాన్ని తెచ్చింది ఒక ఫ్రెంచి అమ్మాయి.

మొదటి ప్రపంచ యుద్ధం వల్ల నాలుగేళ్లు ఆగిన పోటీ 1919లో తిరిగి మొదలైంది. సుజాన్ లెంగ్లెన్‌కు అప్పుడు 20 ఏళ్లు. ఫైనల్లో ఎదుట నిలిచిన డొరొతియా లాంబర్ట్ చేంబర్స్‌కు 40, అప్పటికే ఏడుసార్లు విజేత. ఒకరు పొడుగు చేతుల జాకెట్టు, నేలకు జీరాడే పాత కాలపు గౌను. మరొకరు మోచేతులు కనిపించే, పిక్కల దాకా మాత్రమే వచ్చే పలుచని గౌను, సెట్ల మధ్య గుక్కెడు బ్రాందీ. రాజు ఐదవ జార్జి, రాణి మేరీ కూర్చుని చూస్తుండగా రెండు మ్యాచ్ పాయింట్లు కాచుకుని 10-8, 4-6, 9-7తో లెంగ్లెన్ గెలిచింది. ఆడవాళ్ల టెన్నిస్‌ను చూడడానికి కూడా జనం తోసుకొస్తారని ఆ రోజే రుజువైంది. ఆ తర్వాతి ఏళ్లలో ఆమె ఆడుతుందంటే చాలు, వింబుల్డన్ రైలు స్టేషన్ నుంచి మైదానం దాకా మనుషులు బారు కట్టేవాళ్లు. యుద్ధకాలంలో సిపాయిల నోళ్లలో నానిన ఒక పాట పల్లవికి ఆమె పేరు అతికించి లండన్ జనం ఆ బారుకు ముద్దుపేరు కూడా పెట్టారు. వింబుల్డన్ క్యూకు పుట్టినతేదీ రాయమంటే నేను ఆ రోజులే రాస్తాను.

నాలుగెకరాల మైదానం ఇక చాలదని తేలిపోయింది. 1922లో క్లబ్బు కిలోమీటరు పైచిలుకు దూరాన ఉన్న చర్చ్ రోడ్డుకు మారింది. స్టాన్లీ పీచ్ అనే వాస్తుశిల్పి గీసిన కొత్త సెంటర్ కోర్టులో అప్పట్లో సుమారు 14 వేల మంది పట్టేవారు. అంత పెద్దది కట్టి ఎవరిని కూర్చోబెడతారని పెదవి విరిచినవాళ్లు చాలామందే. జూన్ 26న రాజు వచ్చి ప్రారంభించాడు. ఆ పోటీలో ప్రతిరోజూ వాన పడింది. అయినా కుర్చీలు నిండాయి. నిండడమే కాదు, సెంటర్ కోర్టు సీట్లకు ఎంతమంది ఎగబడ్డారంటే, 1924లో లాటరీ పెట్టక తప్పలేదు. దరఖాస్తు పెట్టుకుంటే చీటీలో పేరు వచ్చినవాళ్లకే టిక్కెట్. ఏ రోజు, ఏ కోర్టు అన్నది కూడా మన ఇష్టం కాదు. ఆ లాటరీ నేటికీ ఉంది. స్టాంపు అంటించిన కవరు పంపే పాత పద్ధతి పోయి ఆన్‌లైన్‌కు మారింది, అంతే తేడా.

దానికి నాలుగేళ్ల ముందే ఇంకో దారి తెరిచారు. కొత్త స్థలం కొనడానికి 1920లో డిబెంచర్ పత్రాలు అమ్మారు. పత్రం కొన్నవాళ్లకు ఐదేళ్ల పాటు పోటీ జరిగే ప్రతిరోజూ ఒక సీటు. 2026 నుంచి 2030 దాకా చెల్లే సెంటర్ కోర్టు పత్రం ధర 1,16,000 పౌండ్లు, మన లెక్కలో కోటి రూపాయల పైమాటే. వింబుల్డన్‌లో నచ్చిన ధరకు దర్జాగా మారు అమ్ముకోదగ్గ టిక్కెట్ ఈ పత్రం మీద వచ్చేదొక్కటే. మిగతావి ఎవరి పేరున ఉంటే వాళ్లే వాడుకోవాలి.

కాబట్టి ఇప్పుడు క్యూ గురించి మాట్లాడుకునేటప్పుడు దాన్ని విడిగా చూడకూడదు. డబ్బున్నవాడికి పత్రం, అదృష్టవంతుడికి లాటరీ. రెండూ లేనివాడికి మిగిలింది గేటు. ఈ మూడూ నూరేళ్ల కిందటే, ఐదారేళ్ల తేడాలో ఏర్పడ్డాయి. లాటరీ వచ్చాక క్యూ రద్దయిపోవాలి నిజానికి. రోజువారీ అమ్మకానికి కొన్ని టిక్కెట్లు పక్కన పెట్టడంతో అది మిగిలింది.

వరుస కట్టడం ఇంగ్లీషువాళ్ల రక్తంలోనే ఉందనే మాటను ఇక్కడే తేల్చేద్దాం. థామస్ కార్లైల్ 1837లో ఫ్రెంచి విప్లవం మీద రాసిన పుస్తకంలో పారిస్ రొట్టెల దుకాణాల ముందు జనం వరుస కట్టడాన్ని ఫ్రెంచివాళ్ల ప్రత్యేక విద్యగా వర్ణించాడు. అంటే అప్పటికి అది ఇంగ్లండులో వింత. వాళ్లకు ఆ విద్య బాగా అబ్బింది రెండు యుద్ధాల రేషన్ కాలంలో. రెండో యుద్ధం ముగిశాక 1946లో రొట్టెకు కూడా రేషన్ పెట్టారు. వింబుల్డన్ పోటీ తిరిగి మొదలైంది ఆ వేసవిలోనే. 1940 అక్టోబరులో పడ్డ బాంబు సెంటర్ కోర్టులో 1,200 సీట్లను ఎగరగొట్టేసింది. క్లబ్బు ఆవరణలో యుద్ధకాలంలో పందులనూ కోళ్లనూ పెంచారు. పగిలిన కప్పు కిందనే ఆట జరిగింది. రొట్టె కోసం గంటలు నిలబడడం అలవాటైన జనానికి టెన్నిస్ కోసం నిలబడడం ఒక లెక్కా?

టీవీ వచ్చాక ఈ బారు తగ్గిపోతుందని ఎవరైనా అనుకుని ఉంటే పొరబడ్డట్టే. బీబీసీ 1937లోనే ఇక్కడి నుంచి ఆటను ప్రసారం చేసింది. 1967 జూలైలో బ్రిటన్‌లో రంగుల టీవీ ప్రసారాలు మొదలైంది కూడా వింబుల్డన్ ఆటతోనే. ఇంట్లో సోఫాలో కూర్చుని పచ్చిక పచ్చదనం చూసినవాడికి దాన్ని దగ్గరగా చూడాలన్న కోరిక పెరిగిందే గానీ తరగలేదు. 1973లో ఇంకో పరీక్ష వచ్చింది. యుగోస్లావియా ఆటగాడు నికీ పీలిచ్ మీద నిషేధానికి నిరసనగా 81 మంది ఆటగాళ్లు పోటీని బహిష్కరించారు. పెద్ద పేర్లు చాలావరకు లేవు. అయినా ఆ ఏడు 3,00,172 మంది వచ్చారు. అప్పటికి అది రెండో అతిపెద్ద సంఖ్య. జనం ఆటగాళ్ల కోసం మాత్రమే రావడం లేదని క్లబ్బుకు అప్పుడే తెలిసి ఉండాలి.

ఆ కాలంలో క్యూ అంటే పేవ్‌మెంటు. చర్చ్ రోడ్డు, సోమర్‌సెట్ రోడ్డు పక్కన దుప్పట్లు పరుచుకుని పడుకునేవాళ్లు. పక్కనుంచి కార్లు, ఎదురుగా పెద్దపెద్ద ఇళ్లు, మధ్యలో దొంగచాటుగా టిక్కెట్లు అమ్మేవాళ్లు. సెంటర్ కోర్టులో అప్పుడు నిలబడి చూసే చోటు కూడా ఉండేది. గేట్లు తెరవగానే ఆ చోటు కోసం పరుగో పరుగు. 1989 ఏప్రిల్‌లో షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో ఫుట్‌బాల్ మైదానంలో నిలబడి చూసే జనం ఒకరి మీద ఒకరు పడి నలిగి 97 మంది చనిపోయిన ఘోరం తర్వాత బ్రిటన్‌లో మైదానాల రూపమే మారింది. 1990 నుంచి సెంటర్ కోర్టులోనూ నిలబడే చోటు తీసేసి కుర్చీలు వేశారు. భద్రత పెరిగింది, చవక చోటు పోయింది.

ఆ మరుసటి ఏడాదే వాన ఒక చిత్రం చేసింది.

వింబుల్డన్‌లో రెండు వారాల నడిమి ఆదివారం ఆట ఉండేది కాదు. పచ్చికకు విశ్రాంతి, చుట్టుపక్కల ఇళ్లవాళ్లకు ప్రశాంతత. 1991లో మొదటి వారమంతా వాన కురిసి నాలుగు రోజుల్లో 52 మ్యాచులే పూర్తయ్యాయి. ఇక గత్యంతరం లేక జూన్ 30న, చరిత్రలో తొలిసారి, నడిమి ఆదివారం ఆడించారు. ఆ రోజుకు ముందుగా అమ్మిన టిక్కెట్ ఒక్కటీ లేదు. లాటరీ లేదు, డిబెంచర్ లేదు. సెంటర్ కోర్టుకు పది పౌండ్లు, ముందొచ్చినవాడికి ముందు సీటు. శనివారం రాత్రికే రోడ్ల మీద బారు మైలున్నర దాటింది. తెల్లారి గేటు తెరవగానే వేల మంది కుర్రకారు ఆ గంభీరమైన కోర్టులోకి ఉరికారు. గాబ్రియెలా సబటీనీ ఆడడానికి వచ్చేసరికి ఫుట్‌బాల్ మైదానంలోలా కేకలు, అలలు అలలుగా లేచి కూర్చోవడాలు. సుమారు 25 వేల మంది వచ్చారు. అంతకుముందు ఆ కోర్టులో చప్పట్లు కూడా కొలిచినట్టు కొట్టేవాళ్లు. ఎప్పుడూ గేటు బయట ఉండే మనుషులు ఒక్కరోజు లోపలికొస్తే ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది.

1997లో, 2004లో అదే మళ్లీ జరిగింది. వాటన్నిటినీ మించింది 2001 జూలై 9, సోమవారం. గొరాన్ ఇవానిసెవిచ్ మూడుసార్లు ఫైనల్లో ఓడినవాడు. ప్రపంచంలో 125వ ర్యాంకుకు దిగజారి, నిర్వాహకులు పిలిచి ఇచ్చే వైల్డ్ కార్డు మీద ఆడుతున్నాడు. టిమ్ హెన్‌మన్‌తో అతని సెమీఫైనల్ వానల వల్ల మూడు రోజులు సాగింది. దాంతో ప్యాట్ రాఫ్టర్‌తో ఫైనల్ సోమవారానికి పడింది. పదివేల టిక్కెట్లు ఆ ఉదయం గేటు దగ్గరే 40 పౌండ్ల చొప్పున అమ్మారు. ఆదివారం రాత్రంతా పేవ్‌మెంటు మీద క్రొయేషియా జెండాలు ఒకవైపు, ఆస్ట్రేలియా జెండాలు మరోవైపు. ఐదో సెట్ 9-7. నాలుగో ఛాంపియన్‌షిప్ పాయింటుకు గానీ ఇవానిసెవిచ్‌కు సర్వీసు కుదరలేదు. వైల్డ్ కార్డుతో వచ్చి వింబుల్డన్ సింగిల్స్ గెలిచిన మగవాడు ఇప్పటికీ అతనొక్కడే. ఆ ఫైనల్‌ను తలుచుకునేవాళ్లు ఆట గురించి ఎంత చెబుతారో ఆ హోరు గురించి అంత చెబుతారు. ఒక గ్రాండ్‌స్లామ్ ఫైనల్‌ను రాత్రి క్యూలో పడుకున్నవాళ్లు అంత సంఖ్యలో చూడడం ఇక జరగదేమో. 2009లో సెంటర్ కోర్టు మీద కప్పు వచ్చింది, 2019లో ఒకటో నంబరు కోర్టుకూ వచ్చింది. వానకు పని లేకుండా పోయింది. 2022 నుంచి నడిమి ఆదివారం మామూలు ఆట రోజు అయిపోయింది.

2016లో ఒకసారి వానల వల్ల నడిమి ఆదివారం ఆడించాల్సి వచ్చినప్పుడు క్లబ్బు క్యూ లేకుండా టిక్కెట్లన్నీ ఆన్‌లైన్లో పెట్టింది. అరగంట గడవకుండానే అయిపోయాయి. భద్రత కారణాలకు నేను తప్పుపట్టను. కానీ 1991 ఆదివారాన్నీ, 2016 ఆదివారాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిదాని గురించి ఇప్పటికీ కథలు చెప్పుకుంటారు. రెండోదాని గురించి చెప్పడానికి ఆ అరగంట తప్ప ఏమీ లేదు.

పేవ్‌మెంటు మీది క్యూ 2008లో ఎదురుగా ఉన్న వింబుల్డన్ పార్కు పచ్చికలోకి మారింది. అప్పటి నుంచే అది పూర్తిస్థాయి వ్యవస్థ అయింది. వెళ్లగానే వాలంటీర్ స్టీవర్డులు వరుస చివర ఎక్కడుందో చూపి, తేదీ, అంకె ఉన్న ఒక కార్డు చేతికిస్తారు. ఆ కార్డే మీ ప్రాణం. మనిషికొకటి, మరొకరికి ఇవ్వడానికి వీల్లేదు. ఎవరైనా మధ్యలో దూరితే అంకె పట్టిస్తుంది కాబట్టి దెబ్బలాటలు లేవు. రాత్రికి పిజ్జా తెప్పించుకోవచ్చు గానీ పదింటి లోపే. తెల్లారి ఐదు, ఆరు గంటల మధ్య స్టీవర్డులు గుడారం గుడారానికీ వచ్చి లేపుతారు. గుడారాలు విప్పి, సామాను డబ్బిచ్చి భద్రపరిచే చోట పెట్టి, వరుసను దగ్గరికి కుదించుకోవాలి. ఏడున్నర ప్రాంతంలో చేతికి కట్టుకునే పట్టీలు ఇస్తూ వస్తారు. పట్టీ రంగును బట్టి ఏ కోర్టో తెలుస్తుంది. పట్టీలు అయిపోయాక మిగిలినవాళ్లకు గ్రౌండ్ పాస్. పదింటికి గేట్లు తెరుస్తారు.

ఇక్కడ ఒక లెక్క చూడాలి. క్యూలో వచ్చినవాళ్లకు సెంటర్ కోర్టు, ఒకటో నంబరు, రెండో నంబరు కోర్టులకు ఒక్కోదానికి సుమారు 500 టిక్కెట్లు కేటాయిస్తారు. సెంటర్ కోర్టులో సీట్లు దాదాపు 15 వేలు. అంటే ముప్పైలో ఒక్కటి. చివరి నాలుగు రోజులు, అసలైన రసవత్తర ఘట్టంలో, సెంటర్ కోర్టుకు అదీ లేదు. సామాన్యుడి కోసమే తలుపు తెరిచి ఉంచామని క్లబ్బు చెప్పుకునే మాటలో నిజం ఎంతుందంటే ముప్పయ్యో వంతు ఉంది. దానికంటే ఎక్కువ ప్రచారం మాత్రం ఆ గుడారాల ఫొటోల వల్ల వస్తోంది. పత్రికలకు ఏటా మొదటి సోమవారం నాడు దొరికే మొదటి బొమ్మ అదే.

ఇలా అన్నానని క్యూ ఉత్త బూటకం అనడం లేదు. ఎక్కువమంది తీసుకునేది గ్రౌండ్ పాస్, దాని విలువ తెలియనివాళ్లే చులకన చేస్తారు. 30 పౌండ్ల పైచిలుకు పెడితే మూడో నంబరు కోర్టు దగ్గర్నుంచి చిన్న కోర్టులన్నిటిలో ఖాళీ ఉన్నచోట కూర్చోవచ్చు. ఆటగాడి చెమట కనిపించేంత దగ్గర. 2010 జూన్‌లో జాన్ ఇస్నర్, నికొలా మహూ ఆడిన మ్యాచ్ మూడు రోజుల మీద 11 గంటల 5 నిమిషాలు సాగింది, చివరి సెట్ 70-68. టెన్నిస్ చరిత్రలో అంత పొడవైన మ్యాచ్ ఇంకోటి లేదు. అది జరిగింది 18వ నంబరు కోర్టులో. 782 సీట్లే, రిజర్వేషన్ లేదు. అక్కడ కూర్చుని దాన్ని చూడడానికి కోటి రూపాయల పత్రం అక్కర్లేకపోయింది.

పాస్ ఉన్నవాళ్లకు ఇంకో కిటుకు ఉంది. 1954 నుంచి నడుస్తున్న పునర్విక్రయం అది. సెంటర్ కోర్టు టిక్కెట్ ఉన్నవాళ్లు మధ్యలో ఇంటికి పోతూ దాన్ని వదిలేసి వెళ్తే, లోపలే ఉన్న వేరొకరికి కొద్ది పౌండ్లకు ఇస్తారు. ఆ డబ్బు ధర్మకార్యాలకు పోతుంది. అంటే లోపలికొచ్చాక మళ్లీ ఇంకో క్యూ! ఈమధ్య దాన్ని ఫోన్ యాప్‌లోకి మార్చారు. రోజంతా చిన్న కోర్టులు తిరిగి, సాయంత్రం ఎండ తగ్గాక సెంటర్ కోర్టులో చివరి మ్యాచ్ చూడడం అనుభవజ్ఞుల పద్ధతి.

అదీ దొరక్కపోతే కొండ ఉంది. 1997లో కొత్త ఒకటో నంబరు కోర్టు కట్టినప్పుడు పక్కన మిగిలిన వాలు మీద పెద్ద తెర చూస్తూ జనం కూర్చుంటారు. లోకం హెన్‌మన్ హిల్ అంటుంది గానీ అసలు పేరు అయోరంగి టెర్రస్. ఒకప్పుడు ఆ నేలను లండన్‌లోని న్యూజీలాండ్ వాళ్ల క్లబ్బు అద్దెకు తీసుకుంది, ఆ పేరు వాళ్ల దేశంలోని కొండది. అక్కడ కూర్చుని స్ట్రాబెర్రీలు తినొచ్చు. 2010 నుంచి 2024 దాకా వాటి ధర రెండున్నర పౌండ్ల దగ్గరే ఆపి, 2025లో 20 పెన్నీలు పెంచితే అది వార్త అయింది.

మన ఊరి మనిషి అక్కడ గెలిచిన రోజును గుర్తు చేసుకుందాం. హైదరాబాదు అమ్మాయి సానియా మీర్జా 2003లో రష్యాకు చెందిన అలీసా క్లెబనోవాతో కలిసి బాలికల డబుల్స్ గెలిచింది. పన్నెండేళ్లకు, 2015 జూలై 11 సాయంత్రం, మార్టినా హింగిస్‌తో కలిసి సెంటర్ కోర్టులో మహిళల డబుల్స్ ఫైనల్ ఆడింది. మకరోవా, వెస్నీనా జంట మూడో సెట్లో 5-2తో ముందుంది. అక్కడి నుంచి 5-5 అయ్యేసరికి వెలుతురు తగ్గి ఆట ఆగింది. కప్పు మూసి, దీపాలు వేశాక 7-5తో సానియా జంట గెలిచింది. పైన చెప్పిన చివరి నాలుగు రోజుల నియమం ప్రకారం ఆ రోజు సెంటర్ కోర్టు సీటు క్యూలో దొరికేది కాదు.

2020లో కరోనా వల్ల పోటీ రద్దయింది. 2021లో పోటీ జరిగింది, క్యూ లేదు. టిక్కెట్లన్నీ ఆన్‌లైన్. ఈ సాకుతో క్యూను శాశ్వతంగా ఎత్తేస్తారని చాలామంది అనుకున్నారు. ఎత్తేయడానికి అంతకన్నా మంచి అదను దొరకదు కూడా. 2022లో తిరిగి తెచ్చారు. నాకు ఇదే అన్నిటికన్నా పెద్ద సాక్ష్యంగా కనిపిస్తుంది. అంతకుముందు వరకూ అది ఆనవాయితీ, 2022 తర్వాత అది నిర్ణయం.

చోటు మాటకొస్తే, క్యూ కట్టే ఆ పార్కు పక్కనున్న గోల్ఫ్ మైదానాన్ని క్లబ్బు 1993లోనే కొంది. 2018లో గోల్ఫ్ క్లబ్బుకు 65 మిలియన్ పౌండ్లిచ్చి లీజు వదిలించుకుంది. సభ్యుడికి దాదాపు 85 వేల పౌండ్ల చొప్పున ముట్టాయి. అక్కడ 8 వేల సీట్ల స్టేడియంతో కలిపి 39 కోర్టులు కట్టే ప్రణాళికకు 2024 సెప్టెంబరులో అనుమతి వచ్చింది. స్థానికులు హైకోర్టుకు వెళ్లారు, 2025 జూలైలో వాళ్ల కేసు కొట్టేశారు. పచ్చిక మీద కాంక్రీటు లేస్తే గుడారాలకు ఎంత చోటు మిగులుతుందన్నది చూడాల్సిందే.

న్యాయం మాటకొస్తే, క్యూ అందరికీ సమానమేమీ కాదు. సెలవు దొరకనివాడు, పసిపిల్లలున్న తల్లి, మోకాళ్ల నొప్పులవాళ్లు రాత్రంతా గడ్డి మీద పడుకోలేరు. కాలం కూడా ఒకరకం డబ్బే, అది కూడా అందరి దగ్గరా లేదు. అయితే లాటరీలో మీకెందుకు రాలేదో ఎవరూ చెప్పలేరు. డిబెంచర్‌ది డబ్బుల ముచ్చట. క్యూలో మాత్రం మీ ముందున్న మనిషి మీకంటే ముందొచ్చాడని మీకు కనిపిస్తుంది, ఆ కార్డు మీద అంకె కనిపిస్తుంది. మూడింటిలో నేనైతే దానికే ఓటేస్తాను, టిక్కెట్ల వాటా ముప్పయ్యో వంతు నుంచి పదో వంతుకు పెంచమని అడుగుతూ.

పిల్లలు లండన్‌లో ఉండి, జూన్ నెలాఖరుకు అక్కడికి వెళ్లే తల్లిదండ్రులు మన ఊళ్లలో ఇప్పుడు చాలామంది. ఒక రోజు కేటాయించాలనుకుంటే పేరు చూసి మోసపోయి వింబుల్డన్ స్టేషన్లో దిగకండి. డిస్ట్రిక్ట్ లైన్‌లో సౌత్‌ఫీల్డ్స్ దగ్గర, అక్కణ్నుంచి పావుగంట నడక. సెంటర్ కోర్టు పట్టుబట్టకుండా గ్రౌండ్ పాస్ చాలనుకుంటే మొదటి వారంలో వెళ్లండి, అన్ని కోర్టుల్లోనూ ఆట ఉండేది అప్పుడే. వానకోటు, టోపీ రెండూ ఉంచుకోండి. టిక్కెట్టుకు నోట్లు తీసుకోరు, బ్యాంకు కార్డు ఉండాలి.